థెరపీ అంటే మందా, మాటా, వ్యాయామమా? అన్నిటికీ ఒకటే పేరు ఎందుకు?

మీరు అడిగింది నాకు అర్థమైనంతలో ఇది. నాన్నగారికి పక్షవాతం వచ్చి, ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ రాశారు. ఆ తిరుగుళ్ళలో మీకు నెలల తరబడి నిద్ర పట్టక డాక్టర్‌కి చూపించుకుంటే "కొన్నాళ్ళు థెరపీ తీసుకోండి" అన్నారు. అది విన్న దగ్గర్నుంచి అమ్మగారు మీకేదో అయిపోయిందని ఏడుస్తున్నారు. పిన్నిగారికి చేసింది కీమోథెరపీ, మీ వీధి చివర బోర్డు మీద ఉన్నది స్పా థెరపీ. వీటన్నిటికీ ఒకే మాట ఎలా సరిపోతుంది, అది ఎక్కడ పుట్టింది, మీకు చెప్పిన థెరపీ ఏది అని అడిగారు.

సూటిగా చెప్తాను. థెరపీ గ్రీకు మాట. 'థెరపేయా' నుంచి వచ్చింది. అక్కడ దాని మొదటి అర్థం మందు కాదు, దగ్గరుండి చూసుకోవడం, సేవ చేయడం. వైద్యం అనే అర్థం ఆ సేవలోంచే పుట్టింది. ఇప్పటి వాడుకలో, ఒక ఇబ్బందిని తగ్గించడానికి పద్ధతి ప్రకారం చేసే ఏ చికిత్సనైనా థెరపీ అంటారు. దాని ముందు చేరే ఫిజియో, కీమో, స్పీచ్ లాంటి మాటలు ఆ చికిత్స దేనితో చేస్తారో, దేనికి చేస్తారో చెప్తాయి. ముందు ఏ మాటా లేకుండా ఉత్త 'థెరపీ' అంటే ఈ రోజుల్లో మాట్లాడుతూ చేసే మానసిక చికిత్స, అంటే సైకోథెరపీ అని అర్థం. మీ డాక్టర్ అన్నది దాదాపుగా అదే. పిచ్చి ఉందని దానర్థం కాదు.

నేను క్లినికల్ సైకాలజిస్టును, చాలా ఏళ్ళుగా హైదరాబాద్‌లోనే ప్రాక్టీస్ చేస్తున్నాను. పక్షవాతం వచ్చినవాళ్ళతో, వాళ్ళ ఇంట్లోవాళ్ళతో కూడా పనిచేశాను. అందుకే మీ ప్రశ్నలో రెండు వైపులూ నాకు దగ్గరివే.

ముందు మాట సంగతి. ప్రాచీన గ్రీకు కవి హోమర్ చెప్పిన ఇలియడ్ అనే యుద్ధకావ్యంలో అకిలీస్ అనే మహావీరుడి వెంట పాట్రొక్లస్ అనే వీరుడు ఉంటాడు. అతన్ని అకిలీస్‌కు 'థెరపోన్' అంటాడు హోమర్. థెరపోన్ అంటే బానిస కాదు. ఇష్టంగా వెంట ఉండి రథం తోలేవాడు, అవసరాలు చూసేవాడు, యుద్ధంలో పక్కన నిలబడేవాడు. మన లక్ష్మణుణ్ణి తలచుకుంటే ఆ సంబంధం కొంత అర్థమవుతుంది. అదే కావ్యం పదకొండో సర్గలో యూరిపిలస్ అనే యోధుడికి తొడలో బాణం దిగితే, ఈ పాట్రొక్లసే దాన్ని కత్తితో కోసి తీసి, గోరువెచ్చటి నీళ్ళతో రక్తం కడిగి, చేదు వేరు నలిపి పెడతాడు. పదిహేనో సర్గకు వచ్చేసరికి కూడా ఆ గాయపడ్డవాడి గుడారంలోనే కూర్చుని ఉంటాడు. ఒక పక్క గాయానికి మందు వేస్తూ, ఇంకో పక్క కబుర్లు చెప్పి అతనికి నొప్పి మరిపిస్తుంటాడు. మందు, మాట, పక్కన ఉండటం మూడూ ఒకే మనిషి చేతిలో ఉన్న ఆ ఘట్టాన్ని నేను మా విద్యార్థులకు తప్పకుండా చదివిస్తాను.

ప్లేటో కాలానికి థెరపేయా చాలా విస్తృతమైన మాట. యూథిఫ్రో అనే సంభాషణలో సోక్రటీస్ దీన్నే పట్టుకుని ప్రశ్నలు వేస్తాడు. గుర్రాలు సాకేవాడు గుర్రాలకు చేసేది థెరపేయా, గొడ్లకాపరి గొడ్లకు చేసేది థెరపేయా. మరి దేవుళ్ళకు మనుషులు చేసే థెరపేయా ఎలాంటిది, దానివల్ల గుర్రం బాగుపడ్డట్టు దేవుళ్ళు బాగుపడతారా అని అడుగుతాడు. ఆ తర్వాత కొన్ని వందల ఏళ్ళకు, క్రీస్తుశకం మొదటి శతాబ్దంలో, అలెగ్జాండ్రియాకు చెందిన ఫైలో అనే తత్వవేత్త తమ ఊరి దగ్గర సరస్సు ఒడ్డున ఏకాంతంగా బతికే ఒక భక్త సమాజం గురించి రాశాడు. వాళ్ళ పేరు థెరపూటే. ఆత్మలకు వైద్యం చేస్తారు కాబట్టి ఆ పేరు వచ్చి ఉండాలి, లేదా దైవాన్ని సేవిస్తారు కాబట్టి వచ్చి ఉండాలి అని అతనే రెండు కారణాలూ చెప్పాడు. గ్రీకు వినేవాడికి ఆ రెండూ ఒకే మాటలో ఇమిడిపోయేవన్నమాట.

ఇది మనకు వింతగా అనిపించక్కర్లేదు. మన 'ఉపచారం' సరిగ్గా ఇలాంటిదే. దేవుడికి షోడశోపచారాలు చేస్తాం, సొమ్మసిల్లినవాళ్ళకు శైత్యోపచారాలు చేస్తాం. ఒకటే మాట గుడిలోనూ ఉంది, మంచం పక్కనా ఉంది. 'శుశ్రూష' ఇంకా లోతైనది. తెలుసుకోవాలనే కోరిక జిజ్ఞాస, తాగాలనే కోరిక పిపాస అయినట్టే, వినాలనే కోరిక శుశ్రూష. గురువు మాట వినాలనుకోవడం గురుశుశ్రూష అయింది, అక్కడి నుంచి సేవ అయింది, అక్కడి నుంచి రోగిని చూసుకోవడం అయింది. చికిత్స అనే మాట కూడా ఆ పద్ధతిలో పుట్టిందే, దాని మూలంలో ఉన్నది గమనించడం, ఎరగడం. చరక సంహిత సూత్రస్థానంలో వైద్యానికి నాలుగు పాదాలు చెప్తారు: వైద్యుడు, ఔషధం, ఉపస్థాత, రోగి. ఉపస్థాత అంటే దగ్గర నిలబడి చూసుకునేవాడు. అతనికి ఉండాల్సిన గుణాల్లో మొదటిది ఉపచారం తెలిసి ఉండటం. మంచం పక్క మనిషిని వైద్యంలో నాలుగో వంతుగా లెక్కగట్టారు మనవాళ్ళు. మీ నాన్నగారి విషయంలో ఇప్పుడు ఆ ఉపస్థాత మీరే. మీ నిద్ర గురించి మీ డాక్టర్ పట్టించుకోవడానికి అదొక్కటే చాలినంత కారణం.

హైదరాబాద్ కాబట్టి ఇంకో సంగతి కూడా చెప్పాలి. చార్మినార్ పక్కన ఉన్న యునానీ దవాఖానా మీరు చూసే ఉంటారు. యునానీ అంటేనే గ్రీకు అని అర్థం. గ్రీకు వైద్యం అరబ్బీ, పారసీ దారుల్లో వచ్చి ఈ ఊళ్ళో స్థిరపడింది. అందులో మందులు కాకుండా కప్పింగ్ (ఒంటి మీద గిన్నెలు బోర్లించి చర్మాన్ని పైకి లాగడం), మర్దన, ఆవిరి స్నానం లాంటి పద్ధతులతో చేసేదాన్ని 'ఇలాజ్ బిత్ తద్బీర్' అంటారు. ఇంగ్లిష్‌లో దానికి పెట్టిన పేరులో థెరపీ ఉంది. పాతబస్తీ బోర్డుల మీద కనిపించే హిజామా థెరపీ, అంటే కప్పింగే, ఈ కోవలోనిదే.

ఇంగ్లిష్‌లోకి థెరపీ అనే రూపం వచ్చింది చాలా ఆలస్యంగా, 19వ శతాబ్దం నడుమ, 1846 ప్రాంతంలో. ఆ తర్వాత కొత్తగా వచ్చిన చాలా చికిత్సలకు, తరచుగా గ్రీకులోంచే, ముందు ఒక ముక్క తగిలించి పేరు పెట్టడం అలవాటైపోయింది. కీమోథెరపీ చూడండి. మనకు ఆ మాట వినగానే క్యాన్సర్ గుర్తొస్తుంది. కానీ 20వ శతాబ్దం మొదట్లో జర్మనీలో పాల్ ఎర్లిఖ్ అనే శాస్త్రవేత్త ఆ మాటను వాడుకలోకి తెచ్చినప్పుడు అతని ఉద్దేశం, రసాయనంతో రోగక్రిమిని చంపడం. 1910లో వచ్చిన అతని సాల్వర్సాన్ సుఖవ్యాధికి మందు. క్యాన్సర్‌కు రసాయనాలు వాడటం 1940ల్లో మొదలైంది, క్రమంగా ఆ పేరు అటు వెళ్ళిపోయింది.

సైకోథెరపీ అనే మాట కూడా 19వ శతాబ్దపు చివరి భాగంలోనే స్థిరపడింది. 1872లో ఇంగ్లండ్‌లో డేనియల్ హాక్ ట్యూక్ 'సైకో థెరప్యూటిక్స్' అన్నాడు. 1891లో ఫ్రాన్స్‌లో బెర్న్‌హైమ్ తన పుస్తకం పేరులోనే ఆ మాట పెట్టాడు. అప్పట్లో దానికి అర్థం ఎక్కువగా హిప్నాటిజం, సూచన (మాటతో రోగి మనసులో ఒక ఆలోచన నాటడం). మాట్లాడటమే చికిత్స అనే ఆలోచనకు పేరు పెట్టింది మాత్రం డాక్టర్ కాదు, ఒక రోగి. వియన్నాలో జోసెఫ్ బ్రాయర్ అనే డాక్టర్ దగ్గర 1880 నుంచి 1882 దాకా వైద్యం పొందిన యువతి తన అనుభవాన్ని 'టాకింగ్ క్యూర్' అంది, అంటే మాటల వైద్యం. బ్రాయర్, ఫ్రాయిడ్ కలిసి 1895లో వేసిన పుస్తకంలో ఆమె అన్నా ఓ అనే మారుపేరుతో ఉంటుంది. ఆ కాలం పద్ధతులకూ, ఇప్పుడు మేం చేసేదానికీ చాలా తేడా ఉంది. అయినా ఆ పేరు పెట్టిన గౌరవం ఆమెదే.

పేరులో థెరపీ ఉన్నంత మాత్రాన అది మేలు చేస్తుందని కాదు. ఇది గట్టిగా చెప్పాలి. 1897 ఆగస్టు 20న మన బేగంపేట దగ్గరే రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టాడు. ఇరవై ఏళ్ళ తర్వాత, 1917లో, వియన్నాలో వాగ్నర్ యౌరెగ్ అనే మానసిక వైద్యుడు సిఫిలిస్ మెదడుకు పాకిన రోగులకు కావాలనే మలేరియా ఎక్కించాడు. వచ్చే జ్వరం సిఫిలిస్ క్రిమిని చంపుతుందని అతని ఆలోచన. దాన్నీ థెరపీ అనే అన్నారు, 1927లో నోబెల్ కూడా ఇచ్చారు. కొందరికి ఉపశమనం కలిగింది, కొందరు ఆ మలేరియాతోనే చనిపోయారు. పెన్సిలిన్ రాగానే అది కనుమరుగైంది. కాబట్టి బోర్డు మీద మాటను బట్టి కాదు, ఇది నా సమస్యకు పనిచేస్తుందని రుజువు ఉందా, చేసేవాళ్ళు ఏం చదివారు, ఎన్నాళ్ళలో ఏం మార్పు ఆశించాలి అన్నవి అడిగి నిర్ణయించుకోవాలి. స్పా థెరపీతో ఒళ్ళు హాయిగా ఉంటే మంచిదే, దాన్ని చికిత్స అని మాత్రం అనుకోకండి.

ఇక నాన్నగారి విషయం. ఫిజియోథెరపీ కదలికలకు, స్పీచ్ థెరపీ మాటకు, మింగడానికి కూడా. ఈ మింగడం సంగతి చాలామందికి తెలియదు. పక్షవాతం తర్వాత నీళ్ళు తాగితే పొరబోతుంటే స్పీచ్ థెరపిస్టుకే చెప్పాలి. కోలుకోవడం మొదటి కొన్ని నెలల్లో వేగంగా ఉంటుంది కాబట్టి "కాస్త ఓపిక వచ్చాక మొదలుపెడదాం" అని వాయిదా వేయకండి. వారానికి రెండు మూడు సార్లు థెరపిస్ట్ వచ్చి వెళ్ళేదానికన్నా, మిగతా రోజుల్లో ఇంట్లో అవే వ్యాయామాలు చేయించడం దగ్గరే ఫలితం ఉంటుంది. సెషన్ జరిగేటప్పుడు ఇంట్లో ఒకరు పక్కన కూర్చుని నేర్చుకోండి.

మాట పడిపోయినవాళ్ళలో చాలామందికి ఎదుటివాళ్ళు అనేది అర్థమవుతూనే ఉంటుంది, చెప్పడమే రాదు. వాళ్ళ ముందే వాళ్ళ గురించి "ఇంక ఈయన ఇంతే" అనుకోవడం నేను ఎన్నో ఇళ్ళలో చూశాను. ఆ మంచంలో ఉన్న మనిషి కళ్ళు చూస్తే తెలుస్తుంది, ఆ మాట ఎంత లోపలికి దిగుతుందో. దయచేసి గట్టిగా అరవకండి, ఆయనకు చెవుడు రాలేదు. ఆయన మాట వెతుక్కుంటుంటే మీరు పూర్తి చేసేయకండి. అవును, కాదు అని చెప్పగలిగే ప్రశ్నలు వేయండి, జవాబుకి సమయమివ్వండి.

మీకు ఆక్యుపేషనల్ థెరపీ అని కూడా రాస్తే కంగారు పడకండి. ఒక తండ్రి నన్ను బాధగా అడిగారు, "నాలుగేళ్ళ పిల్లాడికి ఉద్యోగం థెరపీ ఏంటండీ" అని. ఇక్కడ ఆక్యుపేషన్ అంటే ఉద్యోగం కాదు, రోజువారీ పనులు. చొక్కా బొత్తాలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, స్నానం చేయడం. ఆ బాబుకి ఎదుగుదలలో ఆలస్యం ఉంది. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి నడుస్తున్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, అక్కడికి పంపాను. మాటకు, చేతిపనికి, చదువుకు వేర్వేరు నిపుణులు ఒకే చోట ఉండటం అలాంటి పిల్లలకు పెద్ద ఆసరా. తర్వాత ఆ తండ్రే ఇంట్లో బాబు చేత పప్పు గింజలు ఏరించి, డబ్బా మూతలు తీయించి సాధన చేయించారు.

ఇప్పుడు మీ సంగతి. నిద్ర పట్టకపోవడానికి థెరపీ అంటే చాలావరకు సీబీటీ-ఐ అనే పద్ధతి, అంటే నిద్రకు అడ్డొచ్చే ఆలోచనలను, అలవాట్లను మార్చే కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ. అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లో, పెద్దవాళ్ళలో దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట ఇవ్వాల్సిన చికిత్స ఇదేనని సిఫారసు చేసింది, మాత్రలకంటే ముందు. మామూలుగా ఆరు నుంచి ఎనిమిది సెషన్లు, వారానికి ఒకటి. సోఫా మీద పడుకోబెట్టి చిన్ననాటి సంగతులు అడగరు. మంచం మీద నిద్ర తప్ప ఇంకేమీ పెట్టుకోవద్దంటారు, ఫోన్‌తో సహా. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చుని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్ళీ పడుకోమంటారు. రాత్రి ఎలా గడిచినా పొద్దున ఒకే సమయానికి లేవాలి. మంచం మీద గడిపే గంటలను మొదట తగ్గించి, నిద్ర కుదురుకున్నాక మెల్లగా పెంచుతారు. మొదటి వారం పది రోజులు పగలు మగతగా ఉండొచ్చు, అది తెలిసి ఉంటే మధ్యలో మానేయరు. బండి ఎక్కువ దూరం నడిపేవాళ్ళు, మూర్ఛ ఉన్నవాళ్ళు, బైపోలార్ (మనసు బాగా ఉత్సాహానికీ, బాగా దిగులుకూ ఊగే జబ్బు) ఉన్నవాళ్ళు గంటలు తగ్గించడం సొంతంగా మొదలుపెట్టకూడదు. ఇప్పటికే నిద్రమాత్ర వేసుకుంటుంటే అకస్మాత్తుగా ఆపకండి, రాసిన డాక్టర్‌తోనే మాట్లాడండి.

మీ విషయంలో ఇంకో పొర ఉంది. రాత్రుళ్ళు నాన్నగారు పిలుస్తారేమోనని చెవి రిక్కించుకుని పడుకునేవాళ్ళకు నిద్ర ఎలా పడుతుంది? అది జబ్బు కాదు, బాధ్యత. ఇంట్లో రాత్రి డ్యూటీ ఎవరెవరు పంచుకోవాలన్నది కూడా థెరపీలో మాట్లాడుకోవాల్సిన విషయమే. ఒకామె తన తల్లిని చూసుకుంటూ ఇలాగే వచ్చారు. మొదటి రెండు సెషన్లూ మేం మాట్లాడింది, తమ్ముణ్ణి వారంలో కొన్ని రాత్రులు వచ్చి పడుకోమని ఎలా అడగాలన్నదే. అతను ఒప్పుకున్నాకే మిగతా పద్ధతులు మొదలుపెట్టగలిగాం.

ఎవరి దగ్గరకు వెళ్ళాలి? సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ పైన మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు, పరీక్షలు, థెరపీ చేస్తారు. వాళ్ళకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ నంబర్ ఉంటుంది. అడిగితే చెప్పాలి, అడగడం మర్యాద తప్పడం కాదు. పేరు పక్కన థెరపిస్ట్ అనే ఒక్క మాట చూసి మాత్రం వెళ్ళకండి. తెలుగులో మాట్లాడేవాళ్ళు కావాలని ముందే చెప్పండి. బాధను ఇంగ్లిష్‌లోకి మార్చి చెప్పుకోవాల్సి వస్తే సగం అక్కడే ఆగిపోతుంది. ఎక్కడ మొదలుపెట్టాలో తోచకపోతే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ నంబర్ 14416 ఉంది. 2022 అక్టోబరు నుంచి నడుస్తోంది, ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.

అమ్మగారి భయం నాకు బాగా అర్థమవుతుంది. ఈ ఊళ్ళో పెరిగినవాళ్ళకు ఎర్రగడ్డ అనే పేరే ఒక తిట్టు. అక్కడి మానసిక ఆసుపత్రి ఎంతమందిని నిలబెట్టిందో ఎవరూ చెప్పుకోరు, తిట్టు మాత్రం అందరికీ తెలుసు. థెరపీ అనగానే ఆమెకు ఆ గేటు, కరెంట్ షాక్ గుర్తొచ్చి ఉంటాయి. కరెంట్ చికిత్స వేరు. 1938లో ఇటలీలో మొదలైంది, తీవ్రమైన కొన్ని జబ్బులకు ఇప్పటికీ ప్రాణం నిలబెడుతుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మత్తు, కండరాలు వదులయ్యే మందు ఇవ్వకుండా చేయడం నిషేధం. మీకు చెప్పినదానికీ దానికీ ఏ సంబంధమూ లేదు. అమ్మగారికి "నాన్నకు నడక నేర్పడానికి మనిషి వస్తున్నాడు కదా, నాకు నిద్ర కుదరడానికి ఒకరి దగ్గర పద్ధతి నేర్చుకుంటున్నాను" అని చెప్పి చూడండి. ఇంకా నమ్మకం కుదరకపోతే, మొదటి సెషన్ చివర్లో ఓ పది నిమిషాలు ఆమెను కూడా లోపలికి పిలవమని అడగండి. మీరు ఒప్పుకుంటే చాలామందిమి పిలుస్తాం.

వెళ్ళే ముందు రెండు వారాలు ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి: ఎన్నింటికి పడుకున్నారు, సుమారుగా ఎప్పుడు నిద్ర పట్టింది, రాత్రి ఎన్నిసార్లు లేచారు, అందులో నాన్నగారి కోసం లేచింది ఎన్నిసార్లు, పొద్దున ఎప్పుడు లేచారు, టీ కాఫీలు ఎన్నింటికి తాగారు. గడియారం చూస్తూ రాయకండి, పొద్దున లేచాక ఉజ్జాయింపుగా రాస్తే చాలు. మొదటి రోజు మిమ్మల్ని అడిగేవి దాదాపు ఇవే.